రెండు ఊళ్ల ఫైనలు

పోటీ యొక్క తుది తీర్పు ఒక్క దినమున, ఒక్క మైదానమున వెలువడవలెనా, లేక పోటీపడు జట్లు రెండింటి ఊళ్లయందును చెరియొక ఆట జరిగి, ఆ రెంటి గోల్స్‌ను కూడిన పిమ్మట వెలువడవలెనా అను ప్రశ్న ఐరోపా ఫుట్‌బాల్ చరిత్రలో నలువది యేండ్లపాటు నలిగి, 1998లో ఒక విధముగా ముగిసినది. ముగిసినదని నిర్వాహకులు తలచిరే గాని, న్యాయమునకును సౌకర్యమునకును నడుమ గల ఈ తగవు ఇతర ఖండములలోను, మన దేశములోను నేటికిని తలయెత్తుచునే యున్నది.

బీదరులో కూర్చుండి ఈ తగవును విచారింపబూనుట విడ్డూరముగా తోపవచ్చును. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ కలగలిసి వినవచ్చు ఈ ఊరి బజారులలో ఐరోపా క్లబ్బుల పేర్లు గడగడ చెప్పగల పిన్నవారు నేడు లేకపోలేదు. కాని వారు ఆ ఆటలను చూచునది అర్ధరాత్రి వేళ, ఫోను తెరమీదనే. అయినను ఈ విషయముతో మనకొక పాత సంబంధము గలదు. 1956 నవంబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రమున చేరువరకు బీదరు హైదరాబాదు రాష్ట్రపు జిల్లాయే గదా! సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు రోవర్స్ కప్పును గెలిచినపుడు అది మన జట్టు. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరండ్ కప్పును తెచ్చినదియు ఆ జట్టే. అయితే రోవర్స్ పోటీ జరిగినది బొంబాయిలో, డ్యూరండ్ పోటీ జరిగినది ఢిల్లీలో. అంతటి జట్టును కన్న ప్రజ ఆ ఫైనళ్లలో ఒక్కదానినైనను తన గడ్డమీద చూడలేదు. మరునాటి పత్రికలో చదువుకొని సంతోషించెను. ఫైనలు ఎవరి యెదుట జరుగవలెనను ప్రశ్న మనకు పరాయిది కాదనుటకు ఈ యొక్క సంగతి చాలును.

రెండంచెల ఫైనలు స్వరూపము సులభమే. తొలి అంచె ఒకరి గడ్డమీద, ఒకటి రెండు వారముల పిమ్మట మలి అంచె రెండవవారి గడ్డమీద. రెండాటలలోని గోల్స్ కూడగా ఎవరివి ఎక్కువైన వారిదే కప్పు. చూచుటకు చిన్నదైన ఈ కూడిక ఆటగాని మనస్సులో ఎన్ని మెలికలు వేయునో చెప్పనలవి కాదు. మన ఊరి బిద్రీ పనివాడు జింకును రాగిని కలిపి పోసిన పాత్రమీద వెండితీగను పొదిగి నునుపు చేసినంతసేపు ఆ వెండికిని అడుగు లోహమునకును భేదము అంతగా కంటబడదు. కోటలోని మట్టిని నవాసారముతో కలిపి రుద్దినపుడు పాత్ర నల్లబడి, వెండి యెచ్చట నున్నదో అప్పుడు బయటపడును. తొలి అంచె ఫలితమును అట్టిదే. 1980లో జర్మనీ జట్లు రెండు యూఫా కప్పు ఫైనలున ఎదురెదురు పడగా, బొరుసియా మోన్షెన్‌గ్లాడ్‌బాఖ్ తన గడ్డమీద 3-2గా గెలిచి సంబరపడెను. మలి అంచెలో ఫ్రాంక్‌ఫర్ట్ ఒకే యొక్క గోలుతో 1-0గా గెలిచి కప్పును తీసికొనిపోయెను. గోల్స్ సమానమే, కాని సమానమైనచో పరాయి గడ్డ గోల్స్‌ను లెక్కించు నాటి నిబంధనచేత, పరాయి గడ్డమీద ఫ్రాంక్‌ఫర్ట్ కొట్టిన ఆ రెండు గోల్స్ తొలినాటి గెలుపునే కీడుగా మార్చివేసినవి. దానికి మూడేండ్లకు ముందు, 1977లో, జువెంటస్ టూరిన్‌లో సాధించిన 1-0 గెలుపును చూచి అందరును స్వల్పమనిరి. బిల్బావోలో 1-2గా ఓడియు ఆ జట్టే కప్పునెత్తెను.

ఈ పద్ధతికి మూలము ఆటలో కంటె వ్యాపారములో నున్నది. వాణిజ్య ప్రదర్శనలు జరిగెడి నగరముల నడుమ 1955లో ప్రారంభమైన ఫెయిర్స్ కప్పు, ప్రదర్శనల తేదీలను అనుసరించి సాగవలసి వచ్చుటచేత, మొదటి పర్యాయము ముగియుటకు మూడేండ్లు పట్టెను. 1958లో లండన్ నగరపు వివిధ క్లబ్బుల నుండి ఏరికూర్చిన జట్టు బార్సెలోనాతో తన ఊర 2-2గా ఆడి, బార్సెలోనాలో 0-6గా చిత్తయ్యెను. నగరములు తలపడిన పోటీకి ఇరు నగరములలోను ఫైనలు జరుగుట సహజమే. 1961లో కప్ విన్నర్స్ కప్పు ప్రప్రథమ ఫైనలును కూడ రెండంచెలుగానే ఆడించిరి; ఫియొరెంటీనా గ్లాస్గోలో 2-0గాను, ఫ్లారెన్సులో 2-1గాను రేంజర్స్‌ను ఓడించెను. ఆ పోటీ మరుసటి యేటినుండి ఒక్క ఆటకు మారిపోయినను, ఫెయిర్స్ కప్పు స్థానమున 1971-72లో వెలసిన యూఫా కప్పు మాత్రము 1997 వరకు రెండంచెల సంప్రదాయమునే పట్టుకొని యుండెను. అన్నిటికంటె పెద్దదైన యూరోపియన్ కప్పు మొదటినుండియు ఒక్క ఆటదే. అందులో 1974లో బేయర్న్, అట్లెటికో మాడ్రిడ్ 1-1గా నిలిచినపుడు రెండు దినముల పిమ్మట బ్రస్సెల్స్‌లోనే మరల ఆడించగా బేయర్న్ 4-0గా గెలిచెను. ఫైనలును మరల ఆడించుట ఆ పోటీలో అదియొక్కటే.

రెండాటలును కూడి సమానమైనచో ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు దొరకిన సమాధానములలో కొన్ని నవ్వు పుట్టించును. 1965లో యూరోపియన్ కప్పు క్వార్టర్ ఫైనలున లివర్‌పూల్, కొలోన్ జట్లు రెండంచెలలోను గోలులేక నిలిచి, రోటర్‌డామ్‌లో మూడవ ఆట ఆడి 2-2తో మరల నిలువగా, తుదకు బిళ్ల నెగురవేసి తేల్చవలసి వచ్చెను; ఎగురవేసిన బిళ్ల బురదలో నిలువునా దిగబడుటచేత మరల ఎగురవేసిరి. అయిదు గంటల ఆటను బిళ్లకు అప్పగించిన ఈ అవమానము తప్పించుటకే కాబోలు, ఆ మరుసటి యేట కప్ విన్నర్స్ కప్పులో, గోల్స్ సమానమైనచో పరాయి గడ్డమీద ఎక్కువ గోల్స్ కొట్టినవారు గెలిచినట్లను నిబంధన ప్రవేశించెను. 1971 ఫెయిర్స్ కప్పు ఫైనలున లీడ్స్ టూరిన్‌లో 2-2గాను, తన ఊర 1-1గాను ఆడి ఆ నిబంధనచేతనే నెగ్గెను. 1992లో అజాక్స్ టూరిన్‌లో టొరీనోతో 2-2గా ఆడివచ్చి, ఆమ్‌స్టర్‌డామ్‌లో గోలు లేకుండ నిలిచి కప్పు నెత్తెను. ఆ రాత్రి టొరీనో కొట్టిన బంతి మూడుసార్లు గోలుస్తంభములకు తగిలి మరలినది. న్యాయముగా రావలసిన పెనాల్టీ రాలేదని మండిపడిన శిక్షకుడు మొండోనికో కుర్చీని తలపైకెత్తి నిలిచిన దృశ్యమును ఇటలీవారు నేటికిని తలచుకొందురు. రెండాటలలో ఒక్కదానిలోనైనను ఓడని జట్టు కప్పును పోగొట్టుకొనుట ఏ న్యాయమని అడిగినచో ఆ నిబంధనకు సమాధానము లేదు. 2021లో యూఫా దానిని రద్దుచేసినది. చేయదగిన పనిని ఆలస్యముగా చేసినది.

ఇక ఈ పద్ధతి యొక్క గుణమును నేను గోల్స్ లెక్కలో కాక ఊళ్ల పట్టికలో చూచుచున్నాను. తటస్థ వేదిక అనగా, సామాన్యముగా, పెద్ద నగరము. పెద్ద విమానాశ్రయము, వేలకొలది హోటలు గదులు, డెబ్బదివేలమంది పట్టు స్టేడియము గల నగరము. రెండంచెల ఫైనలుకు అవి యేవియు అక్కరలేదు. ఫైనలు చేరిన జట్టు ఏ ఊరిదో ఆ ఊరికే ఫైనలు నడచివచ్చును. ఇప్స్‌విచ్, ఎన్‌షెడే, డండీ, లెవర్‌కూసెన్, సెకెష్‌ఫెహెర్వార్, బాస్టియా: ఐరోపా ఖండపు ఫైనళ్లు జరిగిన ఊళ్లలో ఇవియును ఉన్నవని నేటి కుర్రవారికి చెప్పినచో నమ్మరు.

బాస్టియా సంగతి కొంత వివరముగా చెప్పదగును. అది మధ్యధరా సముద్రమున కోర్సికా ద్వీపమందలి రేవుపట్టణము. ఆ ఊరి క్లబ్బు 1978లో పెద్ద పెద్ద జట్లను దాటుకొని యూఫా కప్పు ఫైనలు చేరినపుడు ద్వీపమంతయు నీలి పతాకములతో నిండిపోయెను. ఏప్రిల్ 26వ తేదీన ఫ్యురియానీలోని చిన్న మైదానమున నెదర్లాండ్స్ జట్టు పీఎస్‌వీ ఐంధోవెన్‌తో తొలి అంచె. ఆనాటి వాన మైదానమును మడుగుగా మార్చివైచెను. బంతి దొర్లుటకు మారుగా నీటిలో ఆగిపోవుచుండెను. అయినను ఆట జరిగెను. గోలు మాత్రము ఎవరికిని దొరకలేదు. ఆనాడు అచ్చటికి కెమెరాతో వచ్చినవాడు సామాన్యుడు కాడు, ఫ్రాన్సు దేశపు ప్రఖ్యాత హాస్య చలనచిత్ర దర్శకుడు జాక్ తాతి. అతడు ఆటను కంటె ఊరిని ఎక్కువగా చిత్రించెను: ఉదయమునుండియు వీధులలో జెండాలు కట్టువారు, మైదానమునుండి నీరు తోడువారు, వానలో తడిసి ముద్దయియు కదలని జనము. ఆ చిత్రము చిరకాలము మూలపడి, అతని మరణానంతరము కుమార్తె చేత కూర్చబడి, 'ఫోర్జా బాస్టియా' అను పేర వెలువడినది. మలి అంచె ఐంధోవెన్‌లో 3-0గా ముగిసెను, బాస్టియా ఓడెను. కాని ఓడిపోయిన జట్టు ఊరు చలనచిత్రములో నిలిచినది. ఒక్క ఆటగా ఎచ్చటనో పెద్ద నగరమున జరిగియుండినచో ఆ చిత్రమునకు విషయమే లేకపోయెడిది.

సెకెష్‌ఫెహెర్వార్ అను పేరు మన నోట పలుకుట కష్టమేగాని, ఆ ఊరి కథ బీదరువారికి సులువుగా తెలియును. మనది బహమనీ సుల్తానుల రాజధాని. అది మధ్యయుగమున హంగరీ రాజుల పట్టాభిషేకములు జరిగిన నగరము. రెండును నేడు జిల్లా పట్టణములకు మించిన హోదా లేనివి. టెలివిజను పెట్టెలు తయారుచేసెడి కర్మాగారము పేరు పెట్టుకొన్న వీడియోటన్ జట్టు 1985లో రియల్ మాడ్రిడ్ వంటి మహాజట్టును ఫైనలుకై తన ఊరికి రప్పించుకొనెను. ఊరివారి యెదుట 0-3గా ఓడెను. అంతటితో అయిపోయినదని లోకము తలచుచుండగా, మాడ్రిడ్‌కు పోయి, కప్పు నెత్తుటకు సిద్ధమై కూర్చున్న జనసముద్రము నడుమ 1-0గా గెలిచెను. కప్పు రాలేదు, కాని మాడ్రిడ్ గడ్డమీద మాడ్రిడ్‌ను ఓడించితిమను మాట ఆ ఊరికి మిగిలినది. అట్లే స్కాట్లండులోని డండీ యునైటెడ్ 1987లో యోటెబోరీ జట్టుతో తన ఊర 1-1గా ఆడి, మొత్తముమీద ఒక గోలు వెనుకబడి ఓడినపుడు, ఆ ఊరివారు లేచి నిలిచి గెలిచిన స్వీడను జట్టుకు చప్పట్లు కొట్టిరి. ఆ మర్యాదకు ఫిఫా ఆ అభిమానులకు ఫెయిర్ ప్లే పురస్కారము నిచ్చెను. అతిథి గెలిచి పోవునపుడు ఇంటివారు చూపిన మర్యాద అది. తటస్థ వేదికలో ఇంటివారే యుండరు.

రెండవ గుణము, ఓడినవానికి మరల ఊపిరి తీసికొను అవకాశము. 1970లో ఆర్సెనల్ ఆండెర్లెక్ట్ చేతిలో 1-3గా ఓడివచ్చి తన ఊర 3-0తో కప్పును గెలిచెను. 1988లో ఎస్పాన్యోల్ బార్సెలోనాలో లెవర్‌కూసెన్‌ను 3-0గా ఓడించి, రెండువారముల పిమ్మట జర్మనీలో సగమాట ముగియువరకు గోలు ఇయ్యకుండ నిలిచెను. మిగిలిన సగమున టీటా, గెట్స్, కొరియా వీరుడు చా బుమ్-కున్ ఒక్కొక్క గోలు కొట్టి లెక్కను సమము చేసిరి. పెనాల్టీలలో లెవర్‌కూసెన్ 3-2గా నెగ్గెను. ఆసియా ఖండపు ఆటగాని తలతాకిడితో ఐరోపా కప్పు చేయిమారిన ఆ రాత్రిని మన పత్రికలు తగినంతగా పట్టించుకొనలేదేమో యని నాకు తోచును. 1981లో ఇప్స్‌విచ్ మూడు గోల్స్ ఆధిక్యముతో ఆమ్‌స్టర్‌డామ్ చేరి, అక్కడ ఏజెడ్ జట్టు చేతిలో 2-4గా ఓడియు, మొత్తముమీద 5-4తో బయటపడెను. రెండాటలలో తొమ్మిది గోల్స్! ఏ ఒక్క ఆట ఫైనలు ఇంతటి విందు పెట్టగలదు?

ఇంతవరకు చెప్పినది వకాల్తా. ఎదుటి పక్షపు వాదమును వినక తీర్పు చెప్పరాదు.

మొదటి ఆక్షేపణ, తొలి అంచె పిరికిది యని. గెలువకపోయినను నష్టము లేదు, ఓడకపోయిన చాలునను బుద్ధితో ఆడిన ఆటలు లేకపోలేదు. రెండవది, తొలి అంచెలోనే అంతయు తేలిపోయినచో మలి అంచె ఉత్సవవిగ్రహమగును. 1986లో రియల్ మాడ్రిడ్ కొలోన్‌ను 5-1గా ఓడించిన పిమ్మట జర్మనీలో ఆడినది లాంఛనమే. మూడవది, సొంతగడ్డ యనునది కొన్నిసార్లు పేరుకే. ఆ లాంఛనపు ఆటకూడ కొలోన్‌లో కాక, అభిమానుల దుడుకుతనమునకు శిక్షగా బెర్లిన్‌లో జరిగినది. 1990లో ఫియొరెంటీనా కూడ ఫ్లారెన్సును విడిచి దూరపు అవెల్లీనోలో ఆడవలసి వచ్చెను. నాలుగవది, అన్నిటికంటె బరువైనది, జనక్షేమము. 1974 యూఫా కప్పు ఫైనలు మలి అంచెనాడు రోటర్‌డామ్‌లో టోటెన్‌హామ్ అభిమానులు చేసిన అల్లరి ఆ ఆటను మచ్చపరచినది. నేను మెచ్చి చెప్పిన ఆ బాస్టియా మైదానమునందే 1992లో, ఫ్రెంచి కప్పు సెమీఫైనలుకై హడావిడిగా లేపిన తాత్కాలిక గ్యాలరీ కూలి పలువురు మరణించిరి. అది ఐరోపా ఫైనలు కాదు నిజమే; కాని చిన్న మైదానములోనికి పెద్ద ఆట వచ్చినపుడు ఎదురగు ప్రమాదమునకు అంతకంటె కఠినమైన నిదర్శనము లేదు. చిన్న ఊరికి ఫైనలు రావలెనని వాదించువాడు ఆ ఊరి గ్యాలరీ బలమును ముందు పరీక్షింపవలెను.

ఈ ఆక్షేపణలకు టెలివిజను వారి కోరికయు, ప్రకటనదారుల సౌకర్యమును తోడు కాగా, 1997 మే 21న మిలాన్‌లో షాల్కె జట్టు పెనాల్టీలతో ఇంటర్‌ను ఓడించినదే యూఫా కప్పు రెండంచెల ఫైనళ్లలో కడపటిదైనది. గనికార్మికుల ఊరైన గెల్సెన్‌కిర్హెన్ తన మైదానమున ఆ ఫైనలు తొలి అంచెను చూచుకొని గెలిచినది. మరుసటి యేట పారిస్‌లో ఇటలీ జట్లు రెండు తలపడగా ఇంటర్ 3-0గా లాజియోను ఓడించెను. ఇటలీవారి తగవు పారిస్‌లో తీరుట ఎవరికి సౌకర్యమో పాఠకులే ఊహించుకొనవచ్చును.

ఇతర ఖండముల అనుభవము ఒక్క దారిని చూపదు. దక్షిణ అమెరికాలో కోపా లిబర్తదోరెస్ చిరకాలము రెండంచెలదే. 2018లో బ్వేనస్ ఐరెస్ నగరపు ఆజన్మ వైరులైన బోకా, రివర్ జట్లు తొలి అంచెను 2-2గా ముగించిన పిమ్మట, మలి అంచెకు పోవు బోకా బస్సుపై దాడి జరుగుటచేత, ఆ ఆటను సముద్రము దాటించి మాడ్రిడ్‌లో ఆడించిరి. రివర్ 3-1గా గెలిచెను. 2019 నుండి అక్కడ ఒక్క ఆటయే ఫైనలు. ఆఫ్రికావారు దీనికి విపరీతముగా, 2020లో ఒక్క ఆటకు మారి, 2022లో మొరాకో జట్టు వైదాద్ తన సొంత నగరమైన కాసాబ్లాంకాలోనే ఫైనలాడు విచిత్రమును చూచి, 2023లో మరల రెండంచెలకు వచ్చిరి. ముందుగా వేదికను నిర్ణయించుట తటస్థతకు హామీ కాదని వారు అనుభవపూర్వకముగా తెలిసికొనిరి.

మన దేశము సంగతి వేరు. మన పాత కప్పులలో సమానతకు మందు మరునాటి ఆట. అదియు ఫలింపనిచో కప్పును పంచుకొనుట. 1960 డ్యూరండ్ కప్పును మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ కలిసి పుచ్చుకొనుట అట్టిదే. రెండంచెల ఆటను నేటి జనమునకు పరిచయము చేసినది ఇండియన్ సూపర్ లీగ్ సెమీఫైనళ్లు. వాటిలో హైదరాబాదు ఎఫ్‌సీ కథ ఈ సమస్తమునకు ఒక చిన్న అద్దము. 2022 మార్చిలో ఆ జట్టు ఏటీకే మోహన్ బగాన్‌ను తొలి అంచెలో 3-1గా ఓడించి, మలి అంచెలో 0-1గా ఓడి, 3-2తో ఫైనలు చేరెను. కాని కోవిడ్ కారణముగా రెండంచెలును గోవాలోనే జరిగినవి! ఇల్లును లేదు, పరాయి గడ్డయును లేదు. అంచెలు మాత్రము రెండు. ఫైనలుకూడ గోవాలోనే. కేరళ బ్లాస్టర్స్ మొదట గోలు కొట్టగా, 88వ నిమిషమున సాహిల్ తవోరా సమము చేసెను. పెనాల్టీలలో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి అడ్డుగోడయై నిలువగా హైదరాబాదు 3-1తో కప్పు గెలిచినది. రోవర్స్ నాటి విధియే మరల: కప్పు మనది, మైదానము ఇంకెవరిదో. మరుసటి యేడు గచ్చిబౌలిలో నిజమైన సొంతగడ్డ అంచె జరిగినది, 0-0. కలకత్తాలోను 0-0. పెనాల్టీలలో 3-4తో హైదరాబాదు ఓడెను. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి పేరుకూడ మార్చుకొనుటతో, బీదరునుండి రైలెక్కి పోయి చూడదగిన సొంతగడ్డ ఆట మనకు లేకుండ పోయినది.

ఇక నా తీర్పు. ప్రపంచమంతయు చూచు అత్యున్నత పోటీకి ఒక్క ఆట ఫైనలే తగును. దాని ఉత్కంఠ వేరు, దానికి తగిన బందోబస్తు పెద్ద నగరములకే సాధ్యము. కాని రెండవ, మూడవ శ్రేణి కప్పులకు, పరాయి గడ్డ గోలు నిబంధన తొలగిన ఈ దినములలో, రెండంచెల ఫైనలే మేలు. అవి మధ్యతరగతి ఊళ్ల జట్లు గెలువగల కప్పులు. ఆ ఊళ్లవారు వేల మైళ్లు పోయి టిక్కెట్లు కొనలేరు. మన లీగులో 2024, 2025 ఫైనళ్లు, పట్టికలో పైనున్న జట్టు ఊరను న్యాయముచేత, రెండును కలకత్తాలోనే జరిగినవి. అది తటస్థ వేదిక కంటె మెరుగేగాని, రెండవ ఊరికి చేసినదేమియు లేదు. సెమీఫైనళ్లను రెండంచెలుగా ఆడింపగలిగిన మన నిర్వాహకులు ఫైనలును మాత్రము ఏల ఆడింపరాదు? ఒక్క యేడు ప్రయత్నించి చూడవలెనని నా విజ్ఞప్తి. ఐరోపావారే 2025-26లో ప్రారంభించిన మహిళల యూరోపా కప్పునకు ఫైనలును రెండంచెలుగా నిర్ణయించిరి.